టీ కొట్టు దగ్గర కలిసిన అన్నకు

అన్నా, మీ పేరు అడగడం మర్చిపోయాను. పోయిన నెల తిరుపతి బాలాజీ కాలనీలో టీ కొట్టు ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుని తల పట్టుకుని కూర్చున్నది నేనే.

వర్చువల్‌బాక్స్‌లో (విండోస్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తున్నాను. ఇన్‌స్టాల్ అయిపోయిందంటుంది, రీబూట్ చేస్తే మళ్లీ ఇన్‌స్టాలరే వస్తుంది. మూడుసార్లు అదే కథ. మీరు గ్లాసు చేతిలో పట్టుకునే వంగి చూసి, "ఐఎస్‌ఓ ఫైలు ఇంకా డ్రైవ్‌లోనే ఉండాది కదా సామీ, తీసేయ్" అన్నారు. ఇన్‌స్టాల్ డిస్క్‌లాంటి ఆ ఫైలు తీసేశాను, అంతే!

తర్వాత నల్లటి తెర మీద లాగిన్ ఒక్కటే కనబడేసరికి మళ్లీ టెన్షన్. డెస్క్‌టాప్ మనమే వేసుకోవాలని చెప్పి, తెర మీద బొమ్మలు చూపించే ఎక్స్‌ఆర్గ్, దాని మీద నడిచే డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ దగ్గరుండి పెట్టించారు. నా 8 జీబీ ర్యామ్‌లో 6 జీబీ వర్చువల్‌బాక్స్‌లోని ఆ మెషీన్‌కే ఇచ్చానని చూసి, "ఇంటి ఓనర్‌ని వరండాలో పడుకోబెట్టినావే" అని నవ్వారు. 2 జీబీకి తగ్గించాక విండోస్‌కూ ఊపిరాడింది.

వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది స్నాప్‌షాట్, అంటే ఆ మెషీన్ అప్పుడు ఎలా ఉందో అలాగే దాచిపెట్టుకోవడం. ఏదైనా కొత్తది వేసే ముందు ఒకటి తీసి పెట్టుకోమన్నారు. మొన్న సెట్టింగుల ఫైలు ఒకటి కెలికి తెర రాకుండా చేసుకున్నాను (చేతులు ఊరుకోవు కదా). పాత స్నాప్‌షాట్‌కు వెళ్లిపోయాను, నిమిషం కూడా పట్టలేదు.

చాలా థాంక్స్ అన్నా. ఆ రోజు టీ డబ్బులు కూడా మీరే ఇచ్చి తిరుచానూరు బస్సెక్కేశారు. ఈసారి కనబడితే టీ నాది, పక్కన ఉల్లి వడ కూడా.