మత్స్యశాఖ కమిషనర్ గారికి: రొయ్యల రోగానికి సముద్రపు సూక్ష్మ నాచును ఒకసారి పరీక్షించండి

అయ్యా,

భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లలో ఎవరిని కదిలించినా విబ్రియో అనే రోగ బ్యాక్టీరియా గురించిన గోడే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులను నిషేధించారు, మంచిదే. ఎగుమతి సరుకులో వాటి ఆనవాళ్లు దొరికితే కంటైనరే వెనక్కి వచ్చేస్తుంది. మరి వాటి బదులు ఏం వాడమంటారు?

జవాబులో కొంత రొయ్య పిల్లలను పుట్టించి పెంచే మన హేచరీల్లోనే ఉండొచ్చు. రొయ్య పిల్లలకు మేతగా పెంచే స్కెలెటోనీమా అనే సూక్ష్మ నాచు సారం విబ్రియోను అడ్డుకుంటుందని పరిశోధకులు 1999లోనే ప్రచురించారు. ఫియోడాక్టిలమ్ అనే మరో నాచు కణం చితికితే ఈపీఏ లాంటి కొవ్వు ఆమ్లాలు బయటికొచ్చి బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. చేపనూనె గోలీల్లో మనం మింగే ఈపీఏనే అది!

అయితే ల్యాబ్‌లో గాజు పళ్లెంలో పనిచేసింది ఎకరం చెరువులో పనిచేయాలని లేదు. వెలుతురు, పోషకాలు మారితే నాచు తయారుచేసే పదార్థాలూ మారిపోతాయి. అందుకే మందుల షాపులవాళ్లు దీన్ని డబ్బాల్లో పోసి అమ్మకముందే, శాఖ తరఫున ఒక ట్యాంకులో ఈ సారం కలిపి, పక్క ట్యాంకులో కలపకుండా పెంచి చూపించండి. చెన్నైలోని సీబా (ఉప్పునీటి ఆక్వా సాగుపై కేంద్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలనూ పిలవండి. ఫలితం బాగోలేకపోయినా తెలుగులో బయటపెట్టండి.

వచ్చే సీడ్ సీజన్‌లోపు మొదలుపెడతారా?

ఇట్లు,
ఒక రొయ్యల రైతు