అత్తయ్యగారి ఫిర్యాదు ఎక్కడ పెట్టాలి?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా ఆలోచనంతా మీ అత్తయ్యగారి చుట్టూనే తిరుగుతోంది. వృద్ధాశ్రమంలో తన పింఛను డబ్బుతో నెలనెలా ఫీజు కట్టుకుంటున్న మనిషి దగ్గర సెల్‌ఫోను తీసేసుకోవడం, ఎవరైనా ఆఫీసు ఫోనుకు చేస్తే వార్డెన్ పక్కనే నిలబడి వినడం, గేటు దాటనివ్వకపోవడం, అసలు రాని ఫిజియోథెరపిస్టు పేరుమీద బిల్లు వేయడం, ఇవేవీ "మా పద్ధతి ఇంతే" అని కొట్టిపారేయదగ్గ విషయాలు కావు. గట్టిగా అడిగితే ఆవిడను ఇంకా ఇబ్బంది పెడతారేమోనన్న నీ భయం నాకు అర్థమైంది. కానీ ఫిర్యాదు నోటిమాటగా ఉన్నంతకాలమే ఆ ప్రమాదం ఎక్కువ. తేదీతో సహా అది కాగితం మీదికి ఎక్కాక, ఆ తర్వాత జరిగే ప్రతి వేధింపూ పగబట్టి చేసినదిగానే కనబడుతుంది కనుక నిర్వాహకులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ముందుగా ఒక విషయం మనిద్దరం మనసులో స్థిరపరచుకోవాలి. హక్కు మీ అత్తయ్యగారిది. నీదీ కాదు, ఆశ్రమానిదీ కాదు. చేర్చేటప్పుడు ఫారం మీద నువ్వు సంతకం పెట్టావు కాబట్టి ఆవిడ బయటికి వెళ్లాలంటే నీ అనుమతి కావాలని వాళ్లు అంటున్నారట. తెలివితేటలు సవ్యంగా ఉన్న పెద్దమనిషి రాకపోకల మీద మేనల్లుడి సంతకంతో ఎవరికీ అధికారం రాదు. గౌరవంగా బతికే హక్కు, నీడ, ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తాయని వృద్ధుల విషయంలోనే అశ్వనీ కుమార్ కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మనిషిని ఇష్టానికి విరుద్ధంగా ఒకచోట నిర్బంధించి ఉంచడం పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. "భద్రత కోసం" అన్న మాటతో గేటుకు తాళం వేసేవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లే ఉండరు.

ఇక ఏ గుమ్మం తొక్కాలన్న ప్రశ్న. చాలామంది లాగే నువ్వు కూడా ఆర్డీవో దగ్గరికి వెళ్దామంటున్నావు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది, మంచి చట్టమే. అయితే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ ప్రధానంగా పిల్లల నుంచి పోషణ భత్యం ఇప్పించడానికి, చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని 23వ సెక్షన్ కింద వెనక్కి ఇప్పించడానికి ఏర్పడింది. సంతానం లేని వృద్ధుల ఆస్తి అనుభవిస్తున్న బంధువు మీద, లేదా వారి తర్వాత ఆ ఆస్తి దక్కబోయే బంధువు మీద కూడా పోషణ బాధ్యత పెట్టింది ఆ చట్టం. అది నువ్వు కూడా గుర్తుపెట్టుకోవలసిన మాట. డబ్బు తీసుకుని సేవ సరిగా చేయని ప్రైవేటు ఆశ్రమం మీద వ్యాజ్యం మాత్రం అక్కడ నడవదు. నెలల తరబడి తిరిగి, చివరికి ఇది మా పరిధి కాదన్న జవాబు విని వచ్చేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

మన విషయానికి సరైన చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. ఫీజు కట్టి సేవ పొందుతున్నారు కాబట్టి అత్తయ్యగారు వినియోగదారు. ఉచితంగా నడిచే ఆశ్రమమైతే ఈ దారి ఉండేది కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఆశ్రమం ఉన్న జిల్లాలోనే కాక, ఫిర్యాదు చేసేవారు ఉండే జిల్లాలో కూడా కేసు వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే కోర్టు రుసుము ఉండదు. వకీలు తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు వేయాలి, కాబట్టి చూద్దాంలే అని వాయిదా వేయకు. ఎదుటి పక్షానికి నోటీసు అందిన 3 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఆలస్యమవుతుందని ముందే సిద్ధపడి ఉండు. అందుకే కేసుతోపాటే మధ్యంతర ఉత్తర్వు, అంటే తీర్పు వచ్చేలోగా తాత్కాలిక ఆదేశం, కోరడం మంచిది. కేసు దాకా వెళ్లకముందే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వాళ్లు సంస్థతో మాట్లాడి చూస్తారు. కొన్ని తగాదాలు అక్కడితోనే తెగిపోతాయి.

ఆశ్రమంతో చేసుకున్న ఒప్పంద పత్రంలో "కారణం చెప్పకుండా ఖాళీ చేయించే అధికారం, డిపాజిట్ తిరిగి ఇవ్వకుండా ఉంచుకునే అధికారం యాజమాన్యానికి కలదు" అని ఉందని రాశావు. సహేతుక కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగల షరతును అదే వినియోగదారుల చట్టం అన్యాయమైన ఒప్పందంగా చూస్తుంది. అయితే ఆ షరతునే సవాలు చేయాలంటే జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఖాళీ చేయిస్తామని బెదిరిస్తే దీన్ని వాడుకుందాం.

చాలామందికి తెలియని ఇంకొక సెక్షన్ ఉంది. జబ్బు వల్లనో శరీర బలహీనత వల్లనో తమ పని తాము చేసుకోలేని వారికి సేవ చేస్తామని చట్టబద్ధంగా ఒప్పుకుని, కావాలని ఎగ్గొట్టడం న్యాయ సంహిత 357 కింద నేరం. 3 నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. శిక్ష చిన్నదే, నిజమే, కానీ లేఖలో ఆ అంకె కనబడగానే మాట తీరు మారుతుంది.

ఆ భవనంలో మతి సరిగా లేనివాళ్లను కూడా ఉంచుతున్నారని అత్తయ్యగారు చెప్పారట. మానసిక అనారోగ్యం ఉన్నవారిని చూసుకునే సంస్థలకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వర్తిస్తుంది, అది చాలా గట్టి చట్టం. గొలుసులతో కట్టడం, ఒంటరి గదిలో పెట్టడం అది పూర్తిగా నిషేధించింది. ఫోను చేసుకునే, వచ్చినవారిని కలిసే లేదా కలవననే హక్కు ఇచ్చింది. లోపాల మీద మొదట సంస్థ బాధ్యుడికి, తర్వాత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు తప్పించుకోలేక ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది గుర్తొచ్చినప్పుడల్లా లోపలివాళ్ల మాట బయటికి రానివ్వని ఏ సంస్థనూ తేలిగ్గా తీసుకోబుద్ధి కాదు. అక్కడ అలాంటిదేదైనా కంటబడితే అత్తయ్యగారి విషయంతో కలపకుండా విడిగా రాయి.

తోడు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది. 15100కు ఫోను చేస్తే దారి చూపుతారు. వృద్ధుల కోసం ప్రత్యేకంగా 14567 కూడా ఉంది. కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా ఇవన్నీ పక్కన పెట్టి నేరుగా 112కు చెయ్యి.

ఇప్పుడు మొదటి పని లేఖ. నిర్వాహకుల పేర, అత్తయ్యగారి సంతకంతో, ఆవిడ మాటల్లోనే ఉండాలి. "బాగా చూడటం లేదు" అని రాస్తే దానికి జవాబు చెప్పనక్కర లేదు. ఫలానా తేదీన ఫోను తీసుకున్నారు, ఫలానా నెల రసీదులో ఫిజియోథెరపీకి ఇంత వేశారు, ఆ నెలలో ఎవరూ రాలేదు అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. ఏం కావాలో కూడా రాయాలి: ఫోను తిరిగి ఇవ్వడం, ఆ సొమ్ము వాపసు, రాకపోకలకు అడ్డు లేకపోవడం. 15 రోజుల గడువు పెట్టి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు నీ దగ్గరే ఉంచుకో.

ఈ ఆదివారం వెళ్లినప్పుడు ముందు ఆవిడను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ఫిర్యాదు చేయడం ఆవిడకు ఇష్టమేనా, అక్కడే ఉండాలని ఉందా, వేరే చోటికి మారాలని ఉందా అని అడుగు. ఆవిడ వద్దంటే ఆగిపోదాం. సరేనంటే ఒప్పంద పత్రం అన్ని పేజీలూ, రసీదులూ ఫోటోలు తీసి నాకు పంపు. ముసాయిదా రాసి పంపుతాను, ఆవిడ చదివి మార్చమన్నచోట మార్చాకే సంతకం చేయించు.

నీ స్నేహితుడు