రిజిస్టర్లో చదువుకుంటున్న పిల్లలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పాపకి తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కాళ్లూ చేతుల కదలిక సరిగా ఉండదు. వాకర్ పట్టుకుని నడుస్తుంది, మాట కాస్త ముద్దగా వస్తుంది, ఎక్కాలు మాత్రం వాళ్లన్నయ్య కంటే బాగా చెప్తుంది. కిందటి జూన్‌లో బడికి తీసుకెళ్తే హెడ్మాస్టర్ గారు చాలా మర్యాదగా, కుర్చీ వేయించి మరీ, "ఎందుకమ్మా రోజూ మీకీ తిప్పలు, పాపని ఇంటి దగ్గరే ఉంచండి, పేరు రిజిస్టర్లో ఉంటుంది, హాజరు సంగతి మేం చూసుకుంటాం, ఇంటి దగ్గర చదువు అని చట్టంలోనే ఉంది" అన్నారు. కసురుకుని ఉంటే గొడవ పడేదాన్నేమో. అంత నెమ్మదిగా చెప్పేసరికి నిజమేనేమో అనిపించింది. వారం రోజులు పాపని ఇంట్లోనే ఉంచాను.

తర్వాత ఆ చట్టమేదో చూద్దామని కూర్చున్నాను. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణలో ఇంటి దగ్గర చదువు అన్న మాట ఉంది, కాదనను. కానీ అది తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకి. అదీ వాళ్లు కోరుకుంటే. బడి వాళ్లు కోరుకుంటే కాదు. మా పాపకి సదరం సర్టిఫికెట్‌లో, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వం రాసిచ్చే కాగితంలో, ఉన్నది 50 శాతం. అది తీవ్ర వైకల్యం కిందకి రాదు, ఆ మాట మాకసలు వర్తించదు.

మాకు వర్తించేది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. (వికలాంగులు అనే పేరు దివ్యాంగులుగా మారడం చకచకా అయిపోయింది, ర్యాంపులే ఇంకా పూర్తి కాలేదు.) వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువు చెప్పాలని అందులో 31వ సెక్షన్. దగ్గర్లోని బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వాళ్ల ఇష్టం. విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది కదా, హైస్కూలు మధ్యలో ఉన్న పిల్లలకి ఈ 18 చాలా ముఖ్యం. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే బడైనా, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లలు తిరగగలిగేలా భవనం ఉంచాలి, రాకపోకలకి ఏర్పాటు చేయాలి.

ఇదంతా కాగితం మీద రాసుకుని మళ్లీ వెళ్లాను. "సార్, ఇంటి దగ్గర ఉంచమన్నారు కదా, అదే మాట రాసి సంతకం పెట్టివ్వండి" అన్నాను. ఆయన పెన్ను తీశారు, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. మర్నాటి నుంచి పాప క్లాసులో ఉంది. అక్కడ టేబుల్ మీద తెరిచి ఉన్న రిజిస్టర్ చూశాను, పాప ఇంట్లో ఉన్న ఆ వారమంతా వరసగా హాజరు పడి ఉంది! ఇలా రిజిస్టర్లోనే చదువుకుంటున్న పిల్లలు ఇంకా ఎంతమందో.

టీచర్ల మీద నాకు కోపం లేదండీ. రెండు క్లాసులు కలిపి ఒక్కరే చూసుకుంటుంటే మా పాప పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించే తీరిక ఎక్కడిది? ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన భవిత కేంద్రం టీచర్ మండలంలోని బళ్లన్నీ చుట్టి మా దగ్గరికి వచ్చేసరికి పాప కిందటిసారి నేర్చుకున్నది సగం మర్చిపోయి ఉంటుంది. ప్రైమరీలో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. అసలు ఎన్ని పోస్టులు కావాలో లెక్క తేల్చి ప్రకటించండని మూడేళ్లు దాటాక, 2025 మార్చిలో, రాష్ట్రాలకి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ పోస్టులు నింపకుండా ఉన్న ఒక్క టీచర్ మీద పడితే ఏం లాభం?

మా బడిలో ర్యాంపు ఉంది. దాని మీద రోజూ ఒక మోటార్ సైకిల్ ఉంటుంది. చెప్తే తీస్తారు, మర్నాడు మళ్లీ అక్కడే.

మీ పత్రికలో ఏటా డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవం రోజు, వీల్‌చైర్లు పంచుతున్న ఫొటోలు వేస్తారు. వేయండి. జూన్‌లో బళ్లు తెరిచే వారం కూడా కాస్త చోటిచ్చి, ఇంటి దగ్గర చదువు అనేది తల్లిదండ్రులు అడిగితేనే అని, ఎవరైనా కాదంటే రాసివ్వమని అడగాలని, ఆ కాగితంతో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చని పెద్దక్షరాల్లో వేయండి. నాకు ఆ వారం రోజులూ ఈ సంగతి తెలియలేదు.

— ఒక పాప తల్లి