98 వచ్చిందని సంబరమా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన బస్టాండు ఆరోగ్య శిబిరం వార్త గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామనుకున్నాను. ఎవరో ఒక డాక్టరు రాస్తారులే, లేకపోతే మీరే సవరణ వేస్తారులే అని నాలుగు రోజులు ఆగాను. ఎవరూ రాయలేదు, మీరూ వేయలేదు.

డ్రైవర్ల వేళ్లకు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్లు తగిలించారు, అందరికీ 97, 98 వచ్చాయి, అధికారులు సంతోషం వ్యక్తం చేశారు. అక్కడితో ఆపినా బాగుండేది. రోజుకు రెండు పెట్టెలు కాల్చే డ్రైవరుకి కూడా 98 వచ్చిందనీ, హిమోగ్లోబిన్ 17 ఉందనీ, మనిషి ఉక్కు అనీ రాసి, ఆయన ఫొటో కూడా వేశారు. నేను ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ పూట కాఫీ గొంతు దిగలేదు.

బస్టాండు సంగతి కాబట్టి బస్సు భాషలోనే చెబుతాను. ఒక్కో హిమోగ్లోబిన్ అణువు నాలుగు సీట్ల బండి. ఆక్సిజన్ ఊపిరితిత్తుల దగ్గర ఎక్కుతుంది, కండరాల దగ్గరో మెదడు దగ్గరో దిగుతుంది. సిగరెట్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ఉంది చూశారూ, అది కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునే రకం. హిమోగ్లోబిన్ మీద దాని పట్టు ఆక్సిజన్ పట్టు కంటే 200 రెట్లకు పైమాటే. కూర్చుంటే ఓ పట్టాన లేవదు. అందులో సగం దిగిపోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది, ఈలోగా మనవాడు ఇంకో నాలుగు వెలిగిస్తాడు. పైగా పక్క సీట్లో ఉన్న ఆక్సిజన్‌ని కూడా దిగాల్సిన స్టాపులో సరిగా దిగనివ్వదు.

మరి 98 ఎలా వచ్చిందంటారా? ఆక్సీమీటరు వేలిలోకి కాంతి పంపి, రక్తం రంగును బట్టి లెక్క కడుతుంది. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది. సీట్లు నిండాయా లేదా చూసి దిగిపోయే చెకింగ్ ఇన్‌స్పెక్టరు అన్నమాట, ఎవరినీ టికెట్ అడగడు. పొగ తాగనివారిలో ఈ దొంగ ప్రయాణికులు మామూలుగా ఒకటి రెండు శాతానికి మించరు. బాగా కాల్చేవారిలో 5 నుంచి 10 శాతం దాకా ఉంటారు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. ఆ 98లో 8 దొంగవే అనుకోండి, మిగిలింది 90. 2021లో ఇదే మీటరు 90 చూపిస్తే సిలిండర్ కోసం ఊరంతా పరిగెత్తలేదూ?

ఇక ఆ 17 గురించి. ఆక్సిజన్ చాలక శరీరం ఎర్రకణాలు ఎక్కువగా తయారు చేసుకున్నా ఆ అంకె పెరుగుతుంది. రక్తం చిక్కబడుతుంది, గుండెకు చాకిరీ ఎక్కువవుతుంది. రెండు పెట్టెలు కాల్చే మనిషిలో 17 కనిపిస్తే డాక్టరు ఎందుకని ఆరా తీయాలి. శాలువా కప్పారు.

మోనాక్సైడ్ కొలవాలంటే వేరే రక్తపరీక్ష ఉంది, నోటితో ఊది చూసే చిన్న పరికరమూ ఉంది. శిబిరంలో అవి లేవు. ఫ్లెక్సీ ఉంది, మైకు ఉంది, సమోసాలు ఉన్నాయి. వేదిక వెనక ఇద్దరు సిబ్బంది సిగరెట్లు కాలుస్తూ నిలబడటం నేను కళ్లారా చూశాను. బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నిబంధన 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉందట. జరిమానా 200 రూపాయల దాకా వేయవచ్చట. మా బస్టాండులో ఆ రసీదు ఎవరి చేతిలోనూ ఇంతవరకు చూడలేదు. స్కూలుకు 100 గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదన్నది 2003 చట్టం. మా స్కూలు గేటుకీ పాన్ డబ్బాకీ మధ్య దూరం నా అడుగుల్లో ముప్ఫై రెండు. రెండుసార్లు అర్జీ పెట్టాను. డబ్బా కదల్లేదు, రంగు మాత్రం మారింది.

మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట కాలే కొన నోట్లో పెట్టుకుని. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్లకి అది కొత్త కాదు. అంగిలి మాడి మచ్చలు పడ్డాయి. చదువు లేని మనిషి, కానీ ఇది మంచిదని ఏనాడూ అనలేదు. చదువుకున్నవాళ్లు, చేతిలో మీటరు పట్టుకుని ఆ మాట అనేశారు.

మీ పత్రికలో ఒకప్పుడు సైన్సు వార్త వేసే ముందు తెలిసినవాళ్లకి చూపించేవారని విన్నాను. ఇప్పుడు ప్రెస్‌నోట్ ఎలా వస్తే అలా అచ్చవుతోంది, తప్పులతో సహా.

సవరణ వేస్తే అదే పేజీలో, అదే సైజులో వేయండి. మీ వార్త కటింగ్ పైన చెప్పిన పాన్ డబ్బా అద్దానికి అతికించి ఉంది, 98 చుట్టూ స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టి మరీ. సవరణ వచ్చిన రోజు దాన్ని కత్తిరించి పక్కనే నేను అతికిస్తాను. జిగురు నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం మాస్టారు,
శ్రీకాకుళం జిల్లా