లాంచీల పొట్ట మీద గీత గీయించండి

సంపాదకులకు,

విశాఖ పోర్టులో డ్రాఫ్ట్ సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. జపాన్ వెళ్లే ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎన్ని టన్నులు ఎక్కిందో తేల్చడం నా పని. అంత ఓడను తూచే కాటా ఎక్కడా ఉండదు. సరుకెక్కిన కొద్దీ ఓడ మునుగుతుంది; ఎంత లోతు మునిగిందో చెప్పే పొట్ట మీది అంకెలే మాకు కాటా.

ముందు, మధ్య, వెనక, రెండు వైపులా కలిపి ఆరు చోట్ల చిన్న పడవలో తిరిగి చదివేవాళ్లం. అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, దానికీ పైఅంకెకూ మధ్య ఖాళీ కూడా అంతే. నీళ్లు అంకె అడుగును తాకితే అది చెప్పినంత లోతు, తలను తాకితే మరో 10 సెంటీమీటర్లు. అల లేచినప్పుడూ దిగినప్పుడూ చూసి సగటు తీయాలి. పెద్ద ఓడకు ఒక్క సెంటీమీటరు తప్పు చదివినా పదుల టన్నుల లెక్క తారుమారే.

ఇవి కాక ఓడ నడుమ ఒక గుండ్రటి గుర్తు, దాని మధ్యగా అడ్డగీత ఉంటాయి. అదే ప్లిమ్సాల్ గీత. సరుకెక్కాక నీళ్లు దాన్ని దాటకూడదు. మితిమీరి సరుకెక్కించిన ఓడల్లో నావికులు మునిగిపోతుంటే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ ఏళ్లతరబడి పోరాడాడు. 1876లో గీత తప్పనిసరైంది. కానీ ఎక్కడ గీయాలన్నది యజమాని ఇష్టానికే వదిలేశారు! ఆ లొసుగు పూడ్చడానికి 1890లో ఇంకో చట్టం కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ గుర్తులు చెరిగిపోకుండా రేకు మీదే శాశ్వతంగా వేసి, పైన రంగు పూస్తారు. మంచినీటిలో ఓడ ఎక్కువ మునుగుతుంది కనుక దానికి వేరే గీత, చలికాలపు సముద్రానికి వేరే గీత.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మనవలతో పాపికొండలు వెళ్లినప్పుడు మేమెక్కిన లాంచీ పొట్టంతా వెతికాను. పేరుంది, రంగురంగుల పూలున్నాయి, గీత కనిపించలేదు. లోపల బోర్డు మీద మాత్రం ఎంతమంది ఎక్కవచ్చో రాసుంది. ఆ బోర్డులో సామాన్ల బరువు రాదు, ఒళ్లో పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టరు. నీళ్లు గీత దాటితే మాత్రం ఒడ్డున ఉన్నవాళ్లకూ కనిపిస్తుంది, సరంగు దబాయించడానికి వీల్లేదు.

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం నాడు కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర బోల్తాపడ్డ పడవలో పరిమితికి మించి ఎక్కించారని పత్రికలన్నీ రాశాయి. 2019లో గోదావరిలో జరిగిన కచ్చులూరు పడవ ప్రమాదం వేరు, అక్కడ వరద ఉధృతి ఉంది. గీత ఒక్కటే అన్నిటినీ ఆపుతుందని నేననను. కానీ ఎక్కువమందిని ఎక్కించుకోవడాన్ని ఆపగలదు.

2021 ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఈ పడవలకు సర్వే, అంటే అధికారిక తనిఖీ, తప్పనిసరి. సర్వేకొచ్చిన అధికారే గీత చోటు నిర్ణయించి, తన ఎదుటే రెండు వైపులా వెల్డింగ్ చేయించి, తెల్లరంగు వేయించాలి. యజమానికి వదలకూడదు. టికెట్ కౌంటర్ దగ్గర ఆ గీత బొమ్మ పెట్టి, అది మునిగితే ఎక్కవద్దని తెలుగులో పెద్దక్షరాలతో రాయాలి. కార్తీకమాసం రద్దీ మొదలయ్యేలోపు జిల్లా అధికారులు ఈ పని చేయించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత డ్రాఫ్ట్ సర్వేయర్, విశాఖపట్నం