ఎముక మెత్తబడే దాకా

చిరంజీవి సుజాతకు నాన్న ఆశీస్సులు.

నీ తొడ ఎముక నుంచి పరీక్షకు తీసిన ముక్కల (బయాప్సీ) రిపోర్టు కోసం రోజుకు రెండుసార్లు ల్యాబుకు ఫోను చేస్తున్నావని అల్లుడుగారు చెప్పారు. మానెయ్యి తల్లీ. అలాంటి ల్యాబులోనే స్లైడులు చేస్తూ ముప్పై నాలుగేళ్లు అలాంటి ఫోన్లు ఎత్తినవాణ్ణి. ఎంత అడిగినా ఎముక తన సమయం తాను తీసుకుంటుంది.

మామూలు కండ ముక్కయితే మైనంలో పోతపోసి, రెండు మూడు రోజుల్లో స్లైడు చేసేస్తాం. ఎముకలో కాల్షియం ఉంటుంది కదా, ముక్కను పలచటి పొరలుగా కోసే యంత్రం, మైక్రోటోము, దాని బ్లేడు అంచు దెబ్బతింటుంది. అందుకే ముందు ఆమ్లంలో నానబెట్టి ఆ కాల్షియాన్ని కరిగించాలి. కొత్తలో ఒకసారి, తొందరగా కావాలన్నారని, ఒక ముక్కను ఘాటైన నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా వదిలేశాను. పొద్దునకు చక్కగా మెత్తబడింది. రంగు వేసి చూస్తే నీలంగా కనిపించాల్సిన కణాల కేంద్రకాలు నీలం పట్టలేదు, స్లైడంతా గులాబీమయం. ఆ కుర్రాడికి మళ్లీ బయాప్సీ చేయాల్సి వచ్చింది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ మరిచిపోలేదు.

నీ ముక్కల్లో గోధుమ రంగులో మెత్తగా ఉన్నవి ఉంటే వాటికి ఆమ్లంతో పని లేదు. పని తెలిసిన టెక్నీషియన్ వాటిని వేరుచేసి ముందుగా పంపుతాడు.

ఎక్స్‌రే ఫోటో చూశాను. నేను డాక్టరును కాను, కానీ తొడ ఎముక చివర, మోకీలును ఆనుకొని, ఒక పక్కకు ఒరిగిన ఆ నల్లటి ఖాళీ, నీ ఇరవై తొమ్మిదేళ్ల వయసు, ఈ రెండూ కలిపితే జెయింట్ సెల్ ట్యూమర్ అని వాళ్లు ఎందుకు అనుమానించారో అర్థమైంది. 'జెయింట్' అన్న మాటకు హడలిపోయావట. అది కణితి సైజు కాదమ్మా. స్లైడులో పెద్ద పెద్ద కణాలు కనిపిస్తాయి, ఒక్కోదాంట్లో యాభై, వంద కేంద్రకాలు కూడా ఉంటాయి. కొత్తగా చూసేవాళ్ల కళ్లన్నీ వాటి మీదే. అసలు దొంగలు వాటి మధ్య అణిగిమణిగి ఉన్న ఒంటి కేంద్రకం కణాలు. ఎముకను తినే ఆ పెద్ద కణాలను పిలిచి కూర్చోబెట్టేది ఇవే. ఈ కణితుల్లో చాలావాటిలో హెచ్3ఎఫ్3ఎ అనే జన్యువు మారి ఉంటుందని 2013లో తేలింది. ఆ మార్పు ఉన్నది కూడా ఈ చిన్నవాటిలోనే. పేరు మాత్రం పెద్దవాటికి దక్కింది, విందుకు వచ్చిన చుట్టాల పేరున పెళ్లి పత్రిక వేసినట్టు!

అయితే పెద్ద కణాలు కనిపించగానే అదే జబ్బని తేల్చకూడదు. మెడలో ఉండి రక్తంలో కాల్షియాన్ని అదుపుచేసే పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా ఎముకలో అచ్చం ఇలాంటి మచ్చే వస్తుంది. అది అసలు కణితే కాదు. రక్తంలో కాల్షియం చూడమన్నది అందుకే. కొన్ని ఎముక క్యాన్సర్లలోనూ ఈ పెద్ద కణాలు ఉంటాయి. మా పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్ము చేతికి రానిదే మైక్రోస్కోపు ముందు కూర్చునేవారు కాదు. నీ ఎక్స్‌రే, ఎమ్మారై అక్కడ నీ స్లైడు చూసి జబ్బు తేల్చే డాక్టరుకు, అదే పాథాలజిస్టుకు, చేరాయో లేదో కనుక్కో. ఫోను చేయాలనిపిస్తే దానికి చెయ్యి.

నీ దగ్గర దాచడం నాకు చేతకాదు. ఇది క్యాన్సర్ కాకపోయినా సాధుజీవి మాత్రం కాదు. గీకి తీసేసినా తిరిగి రావచ్చు, ఎప్పుడో అరుదుగా ఊపిరితిత్తుల్లోనూ తేలుతుంది. అందుకే గీకాక లోపలి గోడలను కూడా చెక్కి, చాలాసార్లు ఎముక సిమెంటు నింపుతారు. తరువాత కొన్నేళ్లు ఎక్స్‌రేలు తప్పవు.

ఇప్పుడు నా భయం రిపోర్టు గురించి కాదు. గుల్లబారిన చోట ఎముక పుటుక్కున విరగవచ్చు. వాకరు పట్టుకోవడం నామోషీ అంటున్నావట, ఆఫీసుకు మెట్లెక్కి వెళ్తున్నావట. ఆ కాలి మీద బరువు వేయకు.

అమ్మ ఆదివారం పొద్దున రైలు దిగుతుంది. స్టేషనుకు నువ్వు రావద్దు, అల్లుడుగారిని పంపు.

నాన్న