వార్షిక నివేదిక: గ్రాఫులో ఖాళీ కనిపిస్తే తెగింది లైనా, కొలతా?

సభ్యులందరికీ నమస్కారం.

మన సభ్యులు ఇంటి ఇంటర్నెట్ లైను నడుస్తోందో లేదో కొలిచి గ్రాఫులుగా చూస్తుంటారు. గ్రాఫులో ఖాళీ పడితే ఇంటర్నెట్ నిజంగా పోయిందా, కొలతే తప్పిందా? ఈ ఏడాది సంఘం పని దాదాపు అంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది. అది తేల్చుకోకుండా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే జవాబే వస్తుంది. నిజంగా లైను పాడైన సభ్యుడి ఫిర్యాదుకూ విలువ లేకుండా పోతుంది. అందుకే సభ్యులు పంపిన గ్రాఫులను, రూటర్ తనలో జరిగినవి రాసుకునే చిట్టాలైన లాగ్‌లతో సరిచూసే పని కార్యవర్గం చేపట్టింది.

బయటి సర్వర్ నుంచి ఇంటి రూటర్‌కు పింగ్ (జవాబు కోరే చిన్న సందేశం) పంపి కొలిచేవారికి ఎక్కువ చిక్కులు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్లో ఆ లైను నంబరు) దగ్గరే వచ్చాయి. ఒక సభ్యుడి గ్రాఫులో రోజూ తెల్లవారుజామున ఒకే వేళకు సన్నటి ఎర్ర పట్టీ (జవాబు రాలేదన్న గుర్తు) పడేది. రూటర్ లాగ్ తెరిస్తే సరిగ్గా అప్పుడే కంపెనీతో సెషన్ (కనెక్షన్) తెగి, వెంటనే కలిసి, కొత్త అడ్రస్ వచ్చినట్టు ఉంది. లైను క్షణాల్లో లేచినా, మారే అడ్రస్ను ఒకే పేరుకు కలిపి ఉంచే డైనమిక్ డీఎన్ఎస్‌లో వివరం మారేదాకా పింగులు పాత అడ్రస్‌కే వెళ్లాయి. దీనికన్నా ప్రమాదం ఇంకొకటుంది. ఆ పాత అడ్రస్ వేరే ఇంటికి దక్కితే గ్రాఫు ఖాళీ లేకుండా పచ్చగా కనిపిస్తుంది. కానీ మనం చూస్తున్నది ఎవరిదో లైను.

రూటర్ సెట్టింగుల్లోని వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) పేజీలో అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీరు సీజీనాట్ (చాలా ఇళ్లకు ఒకే పబ్లిక్ అడ్రస్ పంచే కంపెనీ ఏర్పాటు) వెనక ఉన్నట్టు. బయటి నుంచి మీ పబ్లిక్ అడ్రస్‌కు పంపే పింగ్ మీ ఇంటిదాకా రాదు. కంపెనీ పరికరం జవాబిస్తే దాన్నే కొలుస్తుంది. అలాంటివారు ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్) ఉంటే దానితో, లేకుంటే ఇంటి లోపలి నుంచి బయటికి కొలవడమే దారి.

తప్పు రీడింగుల్లో మా సమయం ఎక్కువగా తీసుకున్నది ఎస్ఎన్ఎంపీ కౌంటర్, అంటే ఎన్ని బైట్లు నడిచాయో రూటర్ వేసే లెక్క. పాత 32 బిట్ల కౌంటర్ 4,294,967,296 బైట్లు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 100 ఎంబీపీఎస్ వేగంతో నిండుగా నడిచే లైనులో అది ఆరు నిమిషాల లోపే తిరిగిపోతుంది, 1 జీబీపీఎస్‌లో సుమారు 34 సెకన్లలో. ఐదు నిమిషాలకోసారి రీడింగ్ తీసే సెట్టింగ్‌తో 300 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిస్తే కౌంటర్ రెండుసార్లు తిరిగి, గ్రాఫులో 71 ఎంబీపీఎస్ మాత్రమే చూపిస్తుంది. వేగం రావడం లేదని దిగులుపడే ముందు 64 బిట్ల కౌంటర్, అంటే ఐఎఫ్‌హెచ్‌సీఇన్‌ఆక్టెట్స్, చదువుతున్నారో లేదో చూడండి.

ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకున్నవారిని గడియారం ఇబ్బంది పెట్టింది. చాలా పై బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కరెంటు పోయి వచ్చాక ఎన్టీపీ (ఇంటర్నెట్ ద్వారా గడియారం సరిచేసే ఏర్పాటు) నుంచి టైము అందేదాకా తప్పు టైమే నడుస్తుంది. చివరి రీడింగ్ కన్నా వెనకటి టైముతో వచ్చినదాన్ని, గ్రాఫు రీడింగులు దాచే ప్రోగ్రాము అయిన ఆర్ఆర్‌డీటూల్ తీసుకోదు, కాబట్టి లైను బాగున్నా అక్కడ ఖాళీ మిగులుతుంది. టైము సరిపడ్డాకే రీడింగులు మొదలయ్యేలా స్క్రిప్టు మార్చాం. వైఫై మీద పెట్టిన పై బోర్డులను కూడా కేబుల్‌కు మార్చమని కోరాం. వైఫై మీద కొలిస్తే గోడలు, పొరుగింటి సిగ్నళ్లు కూడా లెక్కలోకి వస్తాయి.

డేటా ఏ రూటర్ల మీదుగా వెళ్తుందో చూపే ట్రేస్‌రూట్‌లో మధ్య హాప్ (దారిలోని ఒక రూటర్) దగ్గర 60 శాతం లాస్ (జవాబు రాని పింగులు) చూసి కంగారుపడిన సభ్యులున్నారు. చివరి హాప్‌లో లాస్ లేకపోతే ఆ మధ్య రూటర్ పింగులకు జవాబివ్వడం తగ్గించుకుందనే అర్థం. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇవన్నీ తీసేశాక కూడా కొన్ని గ్రాఫుల్లో నిజమైన లోపం మిగిలింది. డీఎస్ఎల్ (టెలిఫోన్ తీగ మీద వచ్చే) లైనుల్లో ఖాళీ పడిన వేళకే సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిన డేటా లెక్క) పెరిగి, ఎస్ఎన్ఆర్ మార్జిన్ (లైనులోని నాయిస్ను తట్టుకునేందుకు సిగ్నల్‌కు ఉండే మిగులు) పడిపోయి ఉంది. అటువంటి ఫిర్యాదును ఏ ఇంజినీరూ తేలిగ్గా కొట్టిపారేయలేడు, వాటి వెనక సంఘం గట్టిగా నిలబడుతుంది.

జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో కోశాధికారి వేరుగా ఉంచుతారు. వచ్చే ఏడాది నుంచి గ్రాఫు పంపేటప్పుడు అదే గంట తాలూకు రూటర్ లాగ్, వ్యాన్ అడ్రస్‌లోని మొదటి రెండు సంఖ్యలు (100.64 లాంటివి), కొలిచే పరికరం కేబుల్ మీద ఉందో వైఫై మీద ఉందో కూడా రాయండి. రూటర్‌ను రీబూట్ చేయకముందే లాగ్ దాచుకోండి, చాలా మోడళ్లలో రీబూట్‌తో అది చెరిగిపోతుంది.